ఎడమ సీటు

కారు ర్యాలీలో ఎడమ చెయ్యి విరగకపోయి ఉంటే హర్షిణి పిస్టల్ ముట్టుకునేది కాదు. ర్యాలీలు తోలడం మొదలుపెట్టిన రెండో ఏడాది అనంతపురం వైపు ఒక పోటీలో ఆమె కారు పల్టీ కొట్టింది. చేతికి పిండికట్టు వేశారు. మూడు నెలలు స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం చేతగాక ఒక రోజు హైదరాబాద్‌లోని షూటింగ్ రేంజ్‌కు వెళ్లింది. ఎయిర్ పిస్టల్ ఒంటి చేత్తోనే కాలుస్తారు. కుడి చెయ్యి బాగానే ఉంది. కట్టు విప్పేనాటికి కోచ్ చలపతిరావు ఆమె పేరును జిల్లా పోటీలకు పంపించాడు.

అప్పటినుంచి రెండూ నడిచాయి. ఆదివారం ర్యాలీ ఉంటే గురువారం దాకా గుండ్లు గురికి కింద పడేవి. "మీరు వచ్చారు గాని మీ చెయ్యి ఇంకా కార్లోనే ఉందండీ" అనేవాడు చలపతిరావు. ఏదో ఒకటి ఎంచుకోమని చాలాసార్లు చెప్పాడు. ఆమె ఎంచుకోలేదు.

హర్షిణిది బొంతపల్లి. తండ్రి యాదగిరి కూరగాయల రైతు. భూమిలో సగానికి పైగా ఒక మందుల కంపెనీకి అమ్మాక కూడా మిగిలిన దాంట్లో టమాట, బీర పెట్టేవాడు. పదిహేనేళ్లు నిండకముందే హర్షిణి ఆయన జీపును పొలం దారుల్లో తోలింది. డిగ్రీ అయ్యాక పటాన్‌చెరులో ముంబై హైవే పక్కన వీల్ అలైన్‌మెంట్ షాపు పెట్టుకుంది. ర్యాలీ కారును అక్కడే తయారు చేసుకునేది.

ర్యాలీలో కార్లన్నీ ఒకేసారి పరుగెత్తవు. మూసేసిన మట్టిదారి మీద ఒక్కో కారు ఒంటరిగా, గడియారంతో పోటీపడుతూ పోతుంది. అలాంటి ఒక్కో దారి ముక్కను స్టేజీ అంటారు. కారులో ఇద్దరుంటారు. కుడి సీటులో తోలే మనిషి. ఎడమ సీటులో ముందే రాసుకున్న నోట్స్ చూసి రాబోయే మలుపులు చదివి చెప్పే మనిషి. గుట్ట అవతల ఏముందో తోలేవాళ్లకు కనపడదు, చదివేవాళ్ల మాటే కన్ను.

హర్షిణికి ఆ మాట చెప్పేది రవళి. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే కాలేజీ. బస్సు ఎన్ని గుంతల్లో పడి లేచినా పక్క సీట్లో కూర్చుని తడబడకుండా పాఠాలు పైకి చదివేది రవళి. హర్షిణి కళ్లు మూసుకుని వినేది, ఆ విన్నదానితోనే పరీక్షలు గట్టెక్కేది. అందుకే సిటీ నుంచి తెచ్చుకున్న మొదటి చదివేమనిషి భయంతో కేకలు పెట్టి వెళ్లిపోయినప్పుడు ఆమెకు రవళే గుర్తొచ్చింది. రవళి తల్లి ముత్యమ్మ ఒకప్పుడు యాదగిరి పొలంలో కలుపు తీసేది. ఆ పొలంలో కంపెనీ లేచాక దాని క్యాంటీన్‌లో పనికి కుదిరింది. రవళి కెమిస్ట్రీ చదివి గుమ్మడిదల దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది.

ఇద్దరూ నోట్స్ తెలుగులోనే రాసుకున్నారు. ఒకటి అంటే దాదాపు వెనక్కి తిరిగే మలుపు, ఏడు అంటే స్పీడు తగ్గించక్కర్లేనిది. ఎడమ నాలుగు, కుడి రెండు, ముందట గుంత. మిగతా జట్లు నవ్వుకున్నా నాలుగేళ్లలో వీళ్లు ఆడవాళ్ల విభాగంలో రెండుసార్లు గెలిచారు.

ఆ తరువాతి ఏడాది వానాకాలం చివర్లో, జహీరాబాద్ అవతలి ఎర్రమట్టి దారిలో ప్రమాదం జరిగింది. ఒక ఎత్తు ఎక్కి దిగుతుండగా రవళి "ఎడమ మూడు" అంది. హర్షిణి స్పీడు తగ్గించలేదు. కారు మలుపు తిరగక, గట్టు దాటి చెరుకు తోటలో పడి, రెండు చుట్లు తిరిగి ఆగింది.

హర్షిణికి ఏమీ కాలేదు. బెల్టు విప్పుకుని బయటికొచ్చి, రవళి వైపు తలుపు లాగింది.

"మూడు అని చెప్పిన గదనే!" అంది రవళి, భుజం పట్టుకుని.

"ఏడు అన్నవ్."

"మూడు అన్న, హర్షీ."

"నా చెవుల పడ్డది ఏడు. ఏడు అంటెనే గదా నేను ఎక్సలేటర్ దబాయించి పోయింది."

రవళి కాలర్‌బోన్ విరిగింది.

ఆస్పత్రి వరండాలో యాదగిరి బెంచీ మీద కూర్చోకుండా అటూ ఇటూ తిరిగాడు. కట్టు కట్టించుకుని రవళి బయటికి రాగానే ముందు ఆయనే మాట్లాడాడు.

"సదువుకున్నదానివి గద బిడ్డా. మూడుకు ఏడుకు ఫరక్ తెల్వదా? నా బిడ్డ పానం పోతే ఎట్లుండె?"

"నేను మూడే చెప్పిన అంకుల్."

ముత్యమ్మ మధ్యలోకొచ్చింది. "పోరి ఎరుక లేక చెప్పిందేమో పటేలా. ఇగ ఆ పనికి పంపను, ఇడ్సిపెట్టుండ్రి" అంది.

హర్షిణి గోడకు ఆనుకుని నిలబడింది. తండ్రిని ఆపలేదు. తాను విన్నది ఏడు అనే ఆమె నమ్మకం. అబద్ధం చెబుతున్నానని ఆమెకు అనిపించలేదు.

కారులో ఆ రోజు కెమెరా పెట్టలేదు. ఎవరి మాట నిజమో తేల్చేది ఏదీ లేదు. భుజం అతుక్కున్నాక రవళి ల్యాబ్‌కు వెళ్లింది గాని షాపు వైపు రాలేదు. ఆ మలుపును మనసులో మళ్లీ మళ్లీ చదువుకుంది. చాలా నెలలు గడిచేసరికి తాను ఏమన్నదో ఆమెకే అనుమానం వచ్చింది. ల్యాబ్‌లో రీడింగ్ రాసే ముందు అంకెను రెండుసార్లు పైకి అనుకోవడం అలవాటైంది.

హర్షిణి మరో ఇద్దరిని ఎడమ సీటులో కూర్చోబెట్టి చూసింది. ఇద్దరూ గొణుగుతున్నారని తిట్టింది. వాళ్ల మాట మీద నమ్మకం కుదరక ప్రతి ఎత్తు దగ్గరా బ్రేక్ మీద కాలు పెట్టింది. రెండు పోటీల్లో చివరి స్థానానికి జారింది. ఇంట్లో తల్లి పుష్పమ్మ "పిలిస్తే పలుకది, అమ్మ అంటె లెక్కలేదు దీనికి" అని కూతురి మీద అలిగింది. షాపులో పనివాళ్లు హర్షిణి పక్కకు వచ్చి భుజం తట్టి మాట్లాడడం నేర్చుకున్నారు. ఎందుకలా చేస్తున్నారో వాళ్లూ ఆలోచించలేదు.

ర్యాలీలు తగ్గినకొద్దీ షూటింగ్ బాగుపడింది. మరుసటి ఏడాది రాష్ట్ర పోటీల్లో హర్షిణి ఫైనల్‌కు వచ్చింది. ఆ ఉదయం పుష్పమ్మ రవళికి ఫోన్ చేసింది.

"దానెంబడి ఎవ్వరు లేరు బిడ్డా. వాళ్ల బాపుకు అవి కండ్లకు ఆనయి. నువ్వన్న పోయి సూడరాదు?"

రవళికి పోవాలని లేదు. ఆ రోజు సెలవు కావడం వల్లా, పుష్పమ్మ అంతకుముందు ఎప్పుడూ ఏదీ అడగనందువల్లా వెళ్లింది. చివరి వరుసలో కూర్చుంది.

ఫైనల్‌లో ఎనిమిది మంది వరుసగా నిలబడి కాలుస్తారు. జడ్జి "స్టార్ట్" అన్నాకే పిస్టల్ ఎత్తాలి. హర్షిణి పాత పోటీలు రవళి చాలా చూసింది. ఆ మాట గాలిలో ఉండగానే హర్షిణి చెయ్యి లేచేది. పక్కకు చూసే అలవాటు ఆమెకు ఎన్నడూ లేదు. ఈ రోజు ప్రతిసారీ ఎడమ పక్కనున్న అమ్మాయి వైపు కంటి చివరతో చూస్తోంది. ఆ అమ్మాయి చెయ్యి లేచాకే తన చెయ్యి ఎత్తుతోంది. మొదట రవళి అది కొత్త పద్ధతి అనుకుంది. నాలుగోసారి పక్క అమ్మాయి చెమట తుడుచుకుంటూ ఆలస్యం చేసింది. మిగతా ఆరుగురూ పిస్టల్ ఎత్తారు. హర్షిణి ఎత్తలేదు. పక్క అమ్మాయి కదిలాక కంగారుగా ఎత్తి కాల్చింది. ఆ గుండు బాగా పక్కకు పోయింది. అయినా కాంస్యం వచ్చింది.

పతకాలు ఇవ్వడం అయ్యాక హర్షిణి వెనక గదిలో పిస్టల్ పెట్టెలో సర్దుకుంటోంది. రవళి తలుపు దగ్గర నిలబడి "హర్షీ" అంది. ఆమె తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. తిరగలేదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

హర్షిణి ఉలిక్కిపడి చూసింది. "నువ్వా? ఎప్పుడొచ్చినవ్?"

"జెర అటు తిరుగు. నేను అన్నది మళ్ల అను."

"ఏందే గిది?"

"తిరగమన్న గదా."

హర్షిణి గోడ వైపు తిరిగింది. రవళి కారులో చదివే గొంతుతోనే అంది. "కుడి రెండు."

"కుడి రెండు."

"కుడి ఒకటి."

"ఒకటి. ఏమాయెనే నీకు?"

"ఎడమ మూడు."

"ఎడమ ఏడు."

రవళి "ఎడమ మూడు" అంది మళ్లీ.

"ఏడు. చెప్పిన గదా."

రవళి ఆమెను భుజం పట్టి తన వైపు తిప్పుకుంది. తన పెదవులు కనిపించేలా, మెల్లగా "మూడు" అంది.

హర్షిణి ఆ పెదవుల వైపే చూస్తూ ఉండిపోయింది. తరువాత పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

పటాన్‌చెరులో చెవి డాక్టర్ ఆమెను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. రెండు చెవుల్లోనూ సన్నటి శబ్దాలు పోయాయంది. మాటలో ముందరి భాగం అందదు, చివర మాత్రమే వినపడుతుంది, మిగతాది మనసు కల్పించుకుంటుందని చెప్పింది. కారు శబ్దమా, షాపులో నట్లు విప్పే గన్ శబ్దమా, పుట్టుకతోనే ఉన్న బలహీనతా అని అడిగితే చెప్పలేనంది. పోయింది తిరిగి రాదు. చెవికి మిషన్ పెట్టుకుంటే ఇంట్లో, షాపులో పనికొస్తుంది. హెల్మెట్ కింద, ఇంజన్ మోతలో దాన్ని నమ్ముకోవద్దంది.

హర్షిణి ఆస్పత్రి బయట స్కూటీ పక్కన నిలబడి "నేనే విన్లె" అంది.

"అవ్, నువ్వే విన్లె" అంది రవళి. "ఏడాది సంది నిద్రల గుడ ఆ మలుపే సదువుకున్న. మా అమ్మ ముంగట, మీ బాపు ముంగట తప్పుదాన్నయిన. ఒక్కసారన్న 'నేను తప్పు విన్ననేమో' అనిపియ్యలేదా నీకు?"

"అనిపియ్యలె."

"గదే."

హర్షిణి క్షమించమని అడిగింది. రవళి గుమ్మడిదల వైపు ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది. ఆ తరువాత చాలా వారాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. హర్షిణి మిషన్ కొనుక్కుంది గాని పెట్టుకోలేదు. కస్టమర్లు ఏమైనా అడిగితే, వినపడకపోయినా తల ఊపేది. ఎవరికీ చెప్పలేదు. షాపులో గుడ్డ కప్పి ఉన్న ర్యాలీ కారును అమ్మేద్దామని ఇద్దరికి ఫోన్ చేసి, వాళ్లు చూడడానికి వస్తామంటే వద్దంది.

చివరికి ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు వదిలే వేళకు వెళ్లి నిలబడింది.

"నువ్వు తోలు. నేను సదువుత" అంది హర్షిణి, రవళి బయటికి రాగానే. "సదివెటందుకు చెవులతోని పని లేదు."

"పాగల్ అయినవా? నేను తోలింది ఎప్పుడు? స్టేజీకి స్టేజీకి నడుమ రోడ్డు మీద తోలిన, గంతే."

"నేర్పుత."

"నాకు భయం హర్షీ."

"నాకు గుడ ఉంటుండె. నీ గొంతు వింటె తక్కువయ్యేది."

రవళి వెంటనే ఒప్పుకోలేదు. ఒక్క సంగతి అడిగింది. "మీ బాపుకు ఎవలు చెప్తరు?"

హర్షిణి ఆ రోజే చెప్పింది. యాదగిరి తింటున్న కంచంలో చెయ్యి ఆపాడు.

"ముత్యమ్మ బిడ్డ తోలుడేంది? నువ్వు పక్కన కూసునుడేంది?"

"సదివినామె మంచిగనే సదివింది బాపూ. విన్నదాన్ని నేను, తప్పు విన్న. నాకు చెవులు మంచిగ లేవు. ఆ దవాఖాన్ల నువ్వు అన్న మాటలు నువ్వే వాపస్ తీస్కోవాలె."

పుష్పమ్మ కూతురి ముఖంలోకి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాదగిరి లేచి చెయ్యి కడుక్కున్నాడు. రెండు రోజుల తరువాత ముత్యమ్మ ఇంటి ముందుకొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. ముత్యమ్మ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. రవళి బయటికొచ్చాక "బండికి టైర్లు మార్పించిన. ఎట్లున్నయో సూస్కో పో" అన్నాడు. వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. "ఆ దినం నేను ఎక్కువ మాట్లాడిన" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

రవళి చలికాలమంతా బొంతపల్లి పొలం దారుల్లో తోలింది. మెల్లగా తోలింది. ఫిబ్రవరిలో వికారాబాద్ వైపు జరిగిన ఒక చిన్న ర్యాలీలో ఇద్దరూ పేర్లు ఇచ్చారు.

మొదటి స్టేజీలో నాలుగో మలుపుకే హర్షిణికి కడుపులో తిప్పింది. ఊగే కారులో కాగితం చూస్తే అలా అవుతుందని రవళి ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. "కుడి ఐదు, గడ్డ" అని చదువుతూనే, రవళి అనవసరంగా బ్రేక్ కొట్టేసరికి హర్షిణి ఉండబట్టలేక అరిచింది. "ఐదుకు బ్రేకెందుకే?"

"నువ్వు సదువు! తోలుడు నా పని."

హర్షిణి చదివింది. ముందు ఏముందో కనపడని ఎత్తు మీదికి, వేరే మనిషి చేతుల్లో ఉన్న కారులో పోతూ, కాగితం మీదినుంచి కన్ను ఎత్తకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. తోలాలన్న కోరిక ఆమె కాళ్లలో అలాగే ఉంది. లేని బ్రేకును రెండుసార్లు తొక్కింది.

స్టేజీ చివర కారు ఆగింది. సమయం రాసే మనిషి హర్షిణి వైపు కిటికీలోకి వంగి ఏదో అడిగాడు. ఆమె హెల్మెట్ తీసి, చెంపల మీది జుట్టు వెనక్కి నెట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"నాకు సరిగ వినపడదు. గట్టిగ చెప్పుండ్రి" అంది.

అతను గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. ఆమె టైం కార్డు అందించింది. రవళి గేరు వేసింది.