స్టడ్లు వచ్చేదాకా

రమణమూర్తి తన లారీని సిర్గిట్టి పారిశ్రామికవాడలోని శంకరరావు మెకానిక్ షెడ్డుకు తెచ్చింది ఒక మంగళవారం పొద్దున. ఇద్దరూ రైల్వే క్వార్టర్లలో పక్కపక్క ఇళ్ళలో పెరిగినవాళ్ళు. తల్లి పోయాక రమణమూర్తిని పెంచింది అక్క లక్ష్మీనరసమ్మ. ఆమె కలిపి పెట్టిన ముద్దలు శంకరరావూ తిన్నాడు. ఇద్దరూ ఆమెను ‘అప్ప’ అనే పిలిచేవారు. పెళ్ళయ్యాక ఆమె బొగ్గు గనుల ఊరు చిరిమిరికి కాపురం వెళ్ళింది. అటు లోడు దొరికినప్పుడల్లా రమణమూర్తి ఆమె ఇంట్లో ఓ పూట ఆగి వచ్చేవాడు.

కొండ ఎక్కేటప్పుడు బండి ఆయాసపడుతోందని ఇంజనుకు బలం పెంచే టర్బో పెట్టించాలనుకున్నాడు.

“రేపటికి ఇచ్చీరా శంకరం. ఎల్లుండి చిరిమిరి లోడుంది. అప్ప రమ్మని కబురెట్టింది. ఎందుకో ఏటో చెప్పలేదు.”

శంకరరావు ఇంజను పొగను బయటికి పంపే మేనిఫోల్డు విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి వేడికి కాలిన నట్లు అంచులు అరిగి పానాకు దొరకలేదు. మేనిఫోల్డును పట్టి ఉంచే స్టడ్డు అనే మరకడ్డీ ఒకటి ఇంజను హెడ్డులోనే పుటుక్కున విరిగింది. దాన్ని మెల్లగా డ్రిల్లు చేసి బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. మిగతావీ నడుము దగ్గర సన్నబడి ఉన్నాయి.

“అన్నీ కొత్తవెయ్యాల. ఇక్కడి షాపుల్లో ఉన్నవాటికి మర కలవడం లేదు. రాయ్‌పూర్ నుంచి రావాల” అన్నాడు.

“విరిగిందొక్కటి మార్చి, పాతవాటికే కొత్త నట్లు బిగించీరాదా? ఒక్క ట్రిప్పు కదేటి!”

“టర్బో బరువంతా ఈ మేనిఫోల్డు మీదే వేలాడతాది. వేడి కూడా ముందటికన్నా ఎక్కువ. ఇవి తెగి, నిప్పులాంటి పొగ డీజిల్ పైపు మీద కొట్టిందంటే దారిలోనే అంటుకుపోతావు. నా చేత్తో నిన్నలా పంపలేనురా.”

రమణమూర్తి కాసేపు గొణిగాడు. చివరికి నవ్వేశాడు. “అచ్ఛా, కానీ. అప్ప ఎక్కడికి పోతాది!” లోడు ఇంకో బండికి అప్పగించాడు.

స్టడ్లు శుక్రవారం వచ్చాయి. శంకరరావు ఒక్కొక్కదాన్నీ చేత్తో మర పట్టించి, మధ్యనుంచి అంచులకు కొద్దికొద్దిగా బిగించాడు. ఇంజను నడిపాడు. చల్లారాక మళ్ళీ బిగిస్తుండగా పక్క కార్ఖానాకు ఫోను వచ్చిందని పిలిచారు. చిరిమిరి నుంచి. అప్ప పోయింది.

కడుపులో జబ్బును ఆమె నెలలుగా తమ్ముడి దగ్గర దాచింది. పెద్దాసుపత్రికి వెళ్ళేముందు ఒకసారి చూడాలనే కబురు పంపింది. రమణమూర్తి రైలెక్కి వెళ్ళాడు. ముఖం దక్కింది గాని మాట దక్కలేదు.

దినాలయ్యాక లారీ కోసం వచ్చాడు. మాసిన బట్టలు, పెరిగిన గడ్డం. శంకరరావు చేతిలోని పానా కింద పెట్టాడు.

“నానే ఆపీసినానురా. పాతవాటితోనే...”

“నువ్వు చేసింది రైటే. ఆ మాటెత్తకు.” రమణమూర్తి లారీ తాళం అందుకుంటూ అన్నాడు, “నాతో రా శంకరం. ఒక్కణ్ణీ ఆ దారిన ఎల్లలేను.”

ఇద్దరూ బయలుదేరారు. కట్‌ఘోరా దాటి కొండ దారి పట్టారు. నిండు బరువుతో బండి మూలగకుండా ఎక్కింది. సగం ఎక్కాక రమణమూర్తి లారీని పక్కకు తీసి, స్టీరింగు మీద తల ఆనించాడు.

“ఎంత బాగా లాగుతోందిరా...” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శంకరరావు అతని వీపు మీద చెయ్యి వేశాడు. చెవి మాత్రం అలవాటుగా ఇంజను వైపే ఉంది. ఎక్కడా పొగ కారుతున్న బుస్సుమన్న చప్పుడు లేదు. తిట్టుకోవడానికి తను చేసిన పనిలో ఒక్క తప్పైనా దొరికితే బాగుండునని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది.

తర్వాత శంకరరావే డ్రైవర్ సీట్లోకి మారాడు. పొద్దు వాలుతుండగా చిరిమిరి చేరారు. బావగారు గుమ్మంలోకి వచ్చి వాళ్ళను చూశాడు. “ఇదిగోనే, నీ తమ్ముళ్ళొచ్చారు” అని లోపలికి తిరిగి అనబోయి, ఆ మాట సగంలోనే మింగేశాడు. తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగి నిలబడ్డాడు.