కౌలు గడువు

1984 సెప్టెంబరు నెలాఖరున, ఇంగ్లీషువాళ్లు హాంకాంగును చైనావాళ్లకు తిరిగి ఇచ్చేయబోతున్నారని రేడియో చెప్పింది. ఆదోనిలో ఆ వార్తకు గుండె జారినవాళ్లు ఇద్దరే. ఒకరు అబ్బాస్ అలీ. హాంకాంగులో గోడౌనుకు కాపలాదారు, మూడేళ్లకు సెలవు దొరికి ఇంటికొచ్చాడు. రెండోవారు అతని భార్య సైదా బీ.

"ఇంకా పదమూడేండ్లుంది లేవే," అని అతను కొట్టిపారేశాడు. కొట్టిపారేసిన మనిషి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గోడకేసి ఎందుకు చూస్తాడు? సైదా బీ నమ్మలేదు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే గోవిందన్న రోజూ పేపరు చదువుతాడని, ఆయన దగ్గరికి పోయి అడిగింది.

గోవిందన్నకు లోకంలోని వ్యవహారమంతా పొలం వ్యవహారమే.

"కౌలు తల్లీ! తొంభై తొమ్మిదేండ్ల కౌలు, గడువు దగ్గరపడింది. ముందే కాగితాలు రాసుకుంటాండారు."

"కౌలు తీరితే ఆడుండే మనుషులేమైతారన్నా?"

"కౌలుదారు తన మడక, తన ఎద్దులు తోలుకపోతాడు. భూమిలో నాటుకున్నది భూమి సొంతదారుది." ఆయన కళ్లజోడు సర్దుకుని నవ్వాడు. "మీ ఆయప్ప ఎద్దా, పైరా?"

పెద్ద హాస్యమే! సైదా బీ తండ్రి గఫూర్ సాబ్ కౌతాళంలో ఒక కౌలు చేనికి కాపలా ఉండేవాడు. కౌలు తీరిన ఏడు, కౌలుదారు పొలం ఆసామిని అడగమన్నాడు, ఆసామి కౌలుదారును అడగమన్నాడు. కాపలావాడు ఎద్దూ కాదు, పైరూ కాదు. ఆ ఎండాకాలం ఇంటిల్లిపాదీ రోడ్డున పడ్డారు.

ఇంటికొచ్చి, మొగుడి పెట్టెలోంచి నీలం పాస్‌పోర్టు తీసి జొన్నల మూటలో అడుగుకంటా దూర్చింది. అది లేకపోతే పోలేడు కదా అనుకుంది పిచ్చిది.

బుధవారం పొద్దున అతను పెట్టె సర్దబోయి పాస్‌పోర్టు కనపడక బట్టలన్నీ కుమ్మరించాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నేనే దాచినా," అంది సైదా బీ. "ఆ ఊరు చేతులు మారితే మిమ్మల్ని ఎవరూ తమవాడు అనరు. పోవద్దు. ఈడే ఉండండి."

"ఈడ ఎట్లుండేది సైదా? నిన్ను ఆడికి పిలిపించుకునేకి ఇంగ్లీషోళ్ల పాస్‌పోర్టు బుక్కు తీసుకుంటి. అది తీసుకునేటప్పుడు మన దేశం బుక్కు వాపసిచ్చేసినా."

"అయితే వాళ్ల దేశానికే పోదాం."

"హాంకాంగులో ఉండేకే అది పనికొస్తాది. వాళ్ల దేశంలో ఉండనియ్యరు."

"మీరు పుట్టింది ఆదోనిలో! మీ అబ్బాజాన్ గోరీ ఆదోనిలో!"

"ఆదోనిలో నాకు శుక్రవారం దాకే పర్మిషను. ఆ మీద ఒక్క దినమున్నా పోలీసులొస్తారు."

సైదా బీ శుక్రవారానికి ఎన్ని దినాలో వేళ్లు మడిచి లెక్కేసుకుంది. రెండు నెలలుగా తన ఇంట్లో, తన చాప మీద, ఈ మనిషి గడువు పెట్టుకుని పడుకున్నాడన్నమాట. బయట ఎవరివో చెప్పుల చప్పుడైతే ఇద్దరూ తలుపుకేసి చూశారు.

ఆమె మూట విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తగల్లేదు. ఏడుస్తూ మూట బోర్లించింది. జొన్నలు ఇల్లంతా చెదిరాయి. నీలం అట్ట కనపడగానే తీసి, కొంగుతో దుమ్ము తుడిచి అతని చేతిలో పెట్టింది.

"బొంబాయి రైలు ఎన్ని గంటలకు?" అని తనే అడిగింది.