కాలర్ లోపలి కుట్టు

ఎండలు తగ్గాయి. అటక మీది పెట్టె దించాను. వేసవి చొక్కాలు మడిచి లోపల పెట్టాలి. చలికాలపువి పైకి తీసి ఆరెయ్యాలి, ఇస్త్రీ చెయ్యాలి. ఈ పని ఏ ఇంట్లోనైనా ఎవరో ఒక ఆడది చేసేదే. మా ఇంట్లో దాని పైన ఇంకొకటి ఉంది. ఆయన చొక్కాలన్నిటికీ కాలర్ లోపల సూదితో గుర్తు కుట్టాలి. అడ్డకుట్టు ఉంటే బూడిద రంగు. నిలువుకుట్టు ఉంటే గోధుమ రంగు. రెండూ ఉంటే మట్టి కలిసిన ఆకుపచ్చ. ఏ కుట్టూ లేకపోతే తెలుపో నలుపో. ఆ రెండూ ఆయనకు తెలుస్తాయి.

మా ఆయన బట్టల షాపులో సేల్స్‌మన్. పుట్టుకతోనే ఆయన కళ్ళకు కొన్ని రంగులు ఆనవు. ఎరుపూ ఆకుపచ్చా గోధుమా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. లేత గులాబీ బూడిదలా కనిపిస్తుంది. ఈ సంగతి ఆయనకు, అత్తగారికి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "వాడికి రంగుల దగ్గర కొంచెం తేడా అమ్మాయ్. ఇన్నాళ్ళూ నేను చూసుకున్నాను. నాకూ చత్వారం వచ్చేసింది. ఇక నీదే బాధ్యత. పుట్టింట్లో కూడా అనకు" అని సూదీ దారం చేతిలో పెట్టింది. ఏదో పెద్ద జబ్బు గురించి చెప్పబోతోందని అప్పటిదాకా అనుకున్నాను. ఓస్ ఇంతేనా అనిపించింది. నవ్వాను కూడా.

మొదటి చలికాలం ఆయన నాకు స్వెటర్ కొనుక్కొచ్చారు. "గోధుమ రంగు. నీకు బాగుంటుంది" అన్నారు. పొట్లం విప్పితే నిప్పులాంటి ఎరుపు. చిన్నదాన్ని, దాచుకోవడం తెలియదు. "ఎరుపండీ ఇది, భలే ఉంది" అని అక్కడే తొడుక్కున్నాను. ఆయన మొహం మాడిపోయింది. మర్నాడు దాన్ని షాపుకు పట్టుకెళ్ళి మార్చేశారు. అప్పటి నుంచి మా ఇంట్లోకి రంగు రాలేదు. దుప్పట్లు, కర్టెన్లు, నా బట్టలు అన్నీ వెలిసినట్టే ఉండాలి. "కళ్ళు చెదిరే రంగులు పల్లెటూరి వేషాలు. నీ ఒంటికి నెమ్మది రంగులే నప్పుతాయి" అన్నారు. వేసవిలో ఇసుక రంగు, వానల్లో సీసం రంగు, చలిలో బొగ్గు రంగు. నా ఒంటి వంక పెట్టి ఆయన కంటికి కావలసినవి నాకు తొడిగారు. నేను కూడా కొన్నాళ్ళకు అవి నాకు నిజంగానే నప్పుతాయని నమ్మాను. ఎంత అలిసిపోతే మనిషి అలా నమ్ముతుందో అప్పుడు తెలియలేదు.

చిత్రమేమిటంటే బయట ఆయనకు పేరు తెచ్చినవి ఆ రంగులే. షాపులో ఆయన్ని రంగుల మాస్టారు అంటారు. ఏ కాలానికి ఏ నెమ్మది రంగు వేసుకోవాలో ఆయన్నే అడగాలట. కాలం మారే ముందు నమూనా ముక్కలన్నీ సంచీలో ఇంటికి వస్తాయి. సింకులో అంట్లు ఉండగానే నేను భోజనాల బల్ల తుడిచి ముక్కలు ఏరి, కుట్లు వేసి, కారణాలు కూడా చెబుతాను. ఇసుక రంగు మీద దుమ్ము కనబడదండీ, వేసవికి అది నయం. వానాకాలం లేత రంగు వద్దు, బురద చిందితే పోదు. చలికాలం ఎండ పల్చన, బొగ్గు రంగు పక్కన మీగడ రంగు పెడితే మొహం వెలుగుతుంది. ఆయన పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు రెండుసార్లు అనుకుంటారు. ఒకరోజు క్యారియర్ ఇవ్వడానికి వెళితే, నా మాటలే ఒక్క అక్షరం పోకుండా ఒక పెద్దమనిషికి చెబుతున్నారు. "మీకు దేవుడిచ్చిన కన్నండీ" అన్నాడా పెద్దమనిషి. మా ఆయన తల వంచి దణ్ణం పెట్టారు.

ఆ రోజే షాపు యజమానురాలు నన్ను చూసింది. అరవై దాటిన మనిషి, మాట కరుకు. క్యారియర్ ఖాళీ అయ్యేదాకా ఊరికే నిలబడలేక, చెదిరిపడి ఉన్న శాలువాలను లేత నుంచి ముదురుకు సర్దుతున్నాను. "పైన ఆడవాళ్ళ బట్టలు పెడుతున్నాం. చేస్తావా అమ్మాయ్? ఊరికే కాదులే, జీతానికే" అంది. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. ఆ మాట అన్నందుకు దారంతా నామీద నాకే అసహ్యం వేసింది.

అయినా అడిగాను. "మొగుడూ పెళ్ళామూ ఒకే షాపులోనా? నలుగురూ నవ్విపోతారు" అన్నారాయన. అత్తగారు అంతకంటే నిజం చెప్పింది. "నువ్వూ అక్కడికే పోతే వాడి పని ఇంట్లో ఎవరు చూస్తారే?" ఇన్నేళ్ళలో దాన్ని పని అని ఒకరు అనడం అదే మొదలు.

పై అంతస్తు తెరిచిన రోజు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళనూ పిలిచారు. బొగ్గు రంగులో వెళ్ళాను. యజమానురాలు నన్ను చూసి, "ఏమ్మా, నీ జవాబు ఇంకా రాలేదు" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు. "మా ఆవిడకి రంగుల జ్ఞానం సున్నా మేడమ్. దాని బట్టలు కూడా నేనే ఏరాలి."

తోటి సేల్స్‌మన్లు నవ్వారు. "వంటైనా వచ్చా మాస్టారూ?" అన్నాడొకడు.

"ఏదో, ఉప్పుకీ పంచదారకీ తేడా తెలుస్తుంది."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. అలవాటు. కంటికి ఆనకపోవడం ఆయన తప్పు కాదు. కళ్ళద్దాలు పెట్టుకున్నవాణ్ణి ఎవరు తప్పుపడతారు? ఆననిది నాకని నలుగురిలో చెప్పడం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. అది ఆయన నేర్చుకున్నది.

యజమానురాలు రెండు గుడ్డముక్కలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మిల్లు నుంచి ఇప్పుడే వచ్చాయి మాస్టారూ. చలికాలానికి షాపు ముందరి అద్దాల్లో బూడిద రంగు పెడదాం. అది తీసి పట్టుకోండి, బొమ్మ మీద వేసి చూస్తాను."

ఎప్పుడూ ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా చూస్తానంటారు. ఈసారి ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. ఆయన ఒక ముక్క నా ముందుకు చాపారు. "చూడు, ఎంత మెత్తగా ఉందో" అన్నారు.

బయట మాకిదొక పద్ధతి. ఆయన అలా అనగానే నేను, "అబ్బ, ఈ గులాబీది వెన్నలా ఉందండీ" అని తెలివితక్కువగా మురవాలి. "చాల్లే, నీకేం తెలుసు" అని ఆయన విసుక్కోవాలి. ఆ తర్వాత సరైన ముక్క తియ్యాలి. మా చుట్టాల్లో నన్ను వాగుడుకాయ అంటారు. వాగుడంతా ఇదే.

ముక్కను వేళ్ళ మధ్య నలిపాను. మెత్తగానే ఉంది. లేత గులాబీ.

"ఊఁ?" అన్నారాయన.

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకే ఓపిక లేకపోయింది. జాలి వెయ్యలేదని అనను. ఆ జాలి మీదే ఇన్నేళ్ళూ ఈ సంసారం నడిచింది. ఇప్పుడది కూడా నాతోపాటే అలిసిపోయింది. ముక్క ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

ఆయన కాసేపు చూసి అదే ముక్క పైకెత్తారు. "ఇదండీ మేడమ్, అసలైన బూడిద రంగు."

ఎవరూ నవ్వలేదు. "అది గులాబీ కదా మాస్టారూ" అంది యజమానురాలు.

"ఇక్కడ వెలుతురు సరిగ్గా లేదు మేడమ్."

మిట్టమధ్యాహ్నం. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఆవిడ ఆయన వంక చూసింది. తర్వాత నా వంక, చాలాసేపు చూసింది.

"పద, ఇంటికి పోదాం. అమ్మ ఒక్కతే ఉంది" అన్నారాయన. చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు అద్దంలో చూసుకున్నా ఆయనకు తెలియదు.

"మీరు వెళ్ళండి" అన్నాను. యజమానురాలి వైపు తిరిగాను.

"ఎప్పటినుంచి రమ్మంటారండీ?"