పెరట్లో వైరు

“నేను కూర్చుంటే పోదు, నువ్వు కూర్చుంటేనే పోతుందేంటి?” అని మణిశంకర్ ఆ పొద్దున కూడా ఇడ్లీ తింటూ అన్నాడు, చెయ్యి కడుక్కుని కాలేజీలో పాఠాలు చెప్పుకోడానికి వెళ్లిపోయాడు. ఆ వాదనలో తప్పు పట్టడానికేం లేదు. సాయంత్రం అతను మెయిల్ చూసుకునే వేళకి కేబుల్ ఇంటర్నెట్ బుద్ధిగా పనిచేస్తుంది. పొద్దున అతని భార్య శ్రీసుధ కూర్చున్న కాసేపటికే మోడెమ్ మీద మూడో దీపం ఆరిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వైరుని ఆడిపోసుకుంటావని అతని తీర్పు. మూడు నెలలుగా విని విని, తన చేతిలోనే ఏదో దోషం ఉందేమోనని శ్రీసుధకే అనుమానం వచ్చింది. బీఎస్సీ చదువుకున్న మనిషికి ఇదేం అనుమానం అంటే, రోజూ ఒకటే మాట వింటే ఎవరికైనా వస్తుంది.

ఎక్కడో డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని, ఇంగ్లీషులో టైపు చేసి కాకినాడ కంపెనీకి పంపడం ఆమె పని. పెళ్లయిన ఏడేళ్లకి ‘ఇది నాది’ అనుకున్న మొదటి పని అదే. అందుకోసం నాలుగింటికే లేచి, తొమ్మిదికల్లా వంటా టిఫిన్లూ ముగించి, కుర్చీలో కూలబడేది. అలా కూర్చునే బదులు ఆ కందిపప్పు ఏరచ్చుగా అని అత్తగారు అమ్మాజీ అంటే, పప్పు చేట ఒళ్లో పెట్టుకుని చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పటికి రెండుసార్లు ఫైలు ఆలస్యమైంది. ఈ రోజు మధ్యాహ్నం పన్నెండులోపు అందకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీ మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

పదీ పదికి దీపం ఆరింది. ఆమె మోడెమ్ తీసి మళ్లీ పెట్టింది, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది, కదిలిన పిన్ను బిగించింది. దీపం వెలగలేదు. ఎప్పుడు పోతోందో, ఎప్పుడొస్తోందో పదిహేను రోజులుగా నోటుబుక్కులో రాసుకుంటోంది. పోవడం పది దాటగానే, రావడం ఒంటిగంట ప్రాంతంలో. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే పదకొండుకి ఏసురాజు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ఇంతకు ముందు నాలుగుసార్లు వచ్చినవాడే. ఆమె ఆ పేజీ చూపించింది.

అతను వేలు పెట్టి వేళలన్నీ చదివాడు. “వెనకవీధి స్తంభం దగ్గర సిగ్నల్ బాగుందండి. మోడెమ్ మార్చాను. ఇక మిగిలింది మీ పెరట్లో వైరేనండి. అదొక్కటే నేను చూళ్లేదు.”

“ఎందుకు చూళ్లేదు?”

అతను తలొంచుకున్నాడు. “కనెక్షన్ ఇచ్చిన్రోజే పెరట్లోకి రావద్దన్నారండి, మడి అని. గోడ ఇవతలంతా వైరు సారుగారే లాక్కున్నారు.”

శ్రీసుధ వెనక తలుపు తీసి చూసింది. నూతి పక్కన చేతికి అందనంత ఎత్తులో నల్లటి వైరు. దాని మీద, పదింటికి కర్రతో ఎత్తి ఆరేసిన అత్తగారి తొమ్మిది గజాల మడి చీర, ఇంకా నీళ్లోడుతూ. ఆ బరువుకి వైరు వంగిపోయింది, నల్ల టేపు చుట్టిన అతుకు నోరు తెరుచుకుంది. రోజూ పదింటికి తడి చీర ఎక్కుతుంది, ఒంటిగంటకి ఆరి తేలికవుతుంది. అంతే సంగతి. దానికి మూడు నెలలు తన చేతుల్ని తను అనుమానించుకుంది. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

“రా, ఏసురాజూ” అంది.

అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆమె స్టూలు లాక్కుని ఎక్కింది. పూజగదిలోంచి వచ్చిన అమ్మాజీగారు అక్కడే నిలబడిపోయి, అది మడి చీర అన్నారు. తెలుసండీ అని శ్రీసుధ రెండు చేతులతో చీరని పట్టుకుని దించి, నూతి చప్టా మీద పెట్టింది.

“మా అబ్బాయే కట్టాడు ఆ వైరు” అన్నారు అమ్మాజీగారు, ఎవరి మీద నేరం మోపాలో తెలియనట్టు. “దండెం వెదురు చెదపట్టిందంటే, దీని మీద ఆరేసుకోమ్మా, రెండిటికీ సరిపోతుందన్నాడు.”

శ్రీసుధ ఏసురాజు వైపు తిరిగింది. మళ్లీ పిలిచింది. ఈసారి ఏసురాజు గుమ్మం దాటాడు, నిచ్చెన వేశాడు, అతుకు కోసి, రెండు కొసలకీ పిన్నులు బిగించి కలిపాడు. ఇది ఇవాళ్టికేనని, వైరు మొత్తం మార్చాలని చెప్పాడు. పన్నెండుకి పది నిమిషాలుండగా మూడో దీపం వెలిగింది. ఫైలు వెళ్తున్నంతసేపూ ఆమె ఆ దీపం వైపే చూస్తూ కూర్చుంది. అందిందని కాకినాడ నుంచి జవాబొచ్చాక గానీ చెమట తుడుచుకోలేదు.

తిరిగి చూస్తే అత్తగారు గది గుమ్మంలో ఉన్నారు. గొంతు పెంచలేదు. ఏడేళ్లుగా ఆమె గొంతు పెంచాల్సిన అవసరం రాలేదు.

“అతను పెరట్లోకొచ్చాడని సాయంత్రం అబ్బాయితో నేను చెప్పనా, నువ్వు చెప్తావా?”

“నేనే చెప్తానండీ” అంది శ్రీసుధ. “తెగింది ఆయన వేసిన అతుకేనని చెప్తాను. రేపు కొత్త వైరు లాగడానికి ఏసురాజు ఈ దారినే వస్తాడని కూడా చెప్తాను.”