ఎత్తు ఎక్కితే మరిగే లారీ

ఇంజను మార్చిన సంబరం ఇంకా తీరనేలేదు, బావ లారీ మళ్ళీ మొరాయించింది. చదునైన రోడ్డు మీద దానంత బుద్ధిమంతురాలు లేదు. ఊరి చివర ఎత్తు ఎక్కడం మొదలుపెడితే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పాకేది, రేడియేటరు బుసబుసా ఆవిరి కక్కేది.

ఇంజను మార్చింది బావమరిది. వాణ్ణి అందరూ స్పానర్ అంటారు. పాత ఇంజను దించి వేరే లారీది ఎక్కించడం, అదీ ఒంటిచేత్తో, వాడికి ఇదే మొదటిసారి.

“ఇవాళ కూడా మరిగిందనుకో, సాయంత్రానికి పాత ఇనుము కింద అమ్మేస్తాను,” అని బావ తెగేసి చెప్పాడు. “కంపెనీ ట్రెయిలర్ నడపడానికి రమ్మంటున్నారు. పోతాను. ఇంటికి నెలకోసారి వస్తాను.”

లోపల అక్క అనాల్సిందంతా గిన్నెలే అన్నాయి. ఆ చప్పుడు విని స్పానర్ పనిముట్ల సంచి ముందుకి లాక్కున్నాడు. తన చేతిపని సరిగ్గా లేక అక్క సంసారం రెండు ఊళ్ళ పాలవుతుందా! ఛీ, అంతకంటే చెయ్యి విరిగినా బాగుండును.

మొదట థర్మోస్టాట్ మీద అనుమానపడ్డాడు. నీళ్ళు వేడెక్కగానే తెరుచుకుని, వాటిని రేడియేటర్లోకి వదలాల్సిన మూత అది. ఊడదీసి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో వేశాడు. చక్కగా తెరుచుకుంది.

“ఒరేయ్, అది నా టీ గిన్నెరా!” అని అక్క గరిటె పుచ్చుకుని వచ్చింది.

“కడిగిస్తాలే అక్కా!”

“నీ కడగడం నాకు తెలియదూ! ఇక ఆ గిన్నె నువ్వే ఉంచుకో.”

ఆ తర్వాత లారీ ముందు చక్రాలు దిమ్మల మీదికెక్కించి, నీళ్ళ దారిలో చిక్కుకున్న గాలంతా బుడగలు బుడగలుగా పోయేదాకా కాచుకున్నాడు. బెల్టు నొక్కి చూశాడు, బిగువుగానే ఉంది. రేడియేటరు నిన్ననే శుభ్రం చేశాడు. బావ స్టూలేసుకుని పక్కనే కూర్చుని, “నీ చేతిలో పెట్టాను చూడు, నన్ను నేను అనుకోవాలి,” అని సణుగుతూనే ఉన్నాడు. పని తెలియనివాడికి నోరు పెద్దదని స్పానర్ పళ్ళు నూరుకున్నాడు కానీ, బావ కదా, పైకి అనలేకపోయాడు.

ఆఖరికి ఇంజను నడుస్తుండగా రేడియేటరు ముందు ఒక పేపరు పెట్టాడు. వెనకున్న ఫ్యాను గాలి లాగుతుంటే పేపరు దానికి అతుక్కుపోవాలి. అది కాస్త ఊగి, తాపీగా కింద పడింది.

ఇంజను ఆపి, టార్చి వేసి తొంగి చూశాడు. ఫ్యాను రెక్కల వంపు ముందుకి తిరిగి ఉంది! వెనకాముందూ మార్చి బిగిస్తే ఫ్యాను తిరుగుతుంది కానీ గాలి సగం కూడా లాగదు. ఎత్తులో, లారీ మెల్లగా పోయేటప్పుడు, ఆ గాలే దిక్కు.

“నేనిలా బిగించలేదు,” అన్నాడు.

“తప్పు చేసినవాడెవడైనా అనేది అదే,” అన్నాడు బావ. గొంతులో ఎందుకో మునుపటి జోరు లేదు.

స్పానర్‌కొక అలవాటుంది. ఏ బోల్టయినా బిగించాక, దాని మీదా పక్క రేకు మీదా కలిపి అక్క గోళ్ళరంగుతో ఒక గీత పెడతాడు. ఇక్కడ బోల్టు మీద గీత ఒక దిక్కుంటే రేకు మీద గీత ఇంకో దిక్కుంది. ఎవరో విప్పారు. రెక్కల నిండా సన్నటి పూలతీగ కూడా ఉంది. ఇంజను దించిన రోజుల్లో లారీకి వేయగా మిగిలిన రంగులతో అక్క వేసింది. ఫ్యాను సరిగ్గా బిగిస్తే ఆ పూలు ఇంజను వైపుకి పోతాయి, ఎవరికీ కనిపించవు.

“బావా,” అన్నాడు స్పానర్ మెల్లగా. “నువ్వేనా?”

బావ మెడ గోక్కున్నాడు. గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

“మీ అక్క అంత ఓపిగ్గా వేస్తే ఇంజను చూసి మురవడానికా?” అని బావ ఎదురు కసురుకున్నాడు. “ముందు జాలీలోంచి, రేడియేటరు సందుల్లోంచి కాస్తయినా నలుగురికీ కనబడుతుందని తిప్పాను. ఫ్యానుకి ముందూ వెనకా ఉంటుందని నాకేం తెలుసు?”

“వేసిన రోజు ఎలా ఉందని అడిగితే ‘ఆఁ, ఉందిలే’ అన్నారు!” అంది అక్క. నవ్వబోయింది, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

స్పానర్ నవ్వాపుకోలేక లారీ కిందికి దూరాడు. పొద్దున్నుంచీ తిన్న తిట్లన్నీ ఆ ఒక్క నవ్వుతో దిగిపోయాయి. ఫ్యాను తిప్పి బిగించి మళ్ళీ పేపరు పెడితే, చటుక్కున అతుక్కుంది.

ముగ్గురూ ఎక్కారు. ఎత్తు మొదలైంది. ఎవరూ రోడ్డు చూడలేదు, బావతో సహా! “ముందు చూడు బావా!” అని స్పానర్ అరిచాడు. ముల్లు సగం దాకా వచ్చి, అక్కడే నిలిచిపోయింది. పైకి చేరాక బావ ఇంజను ఆపి ఫోను తీశాడు.

“ట్రెయిలర్‌కి ఇంకొకర్ని చూసుకోండి సార్,” అన్నాడు. అవతలివాళ్ళు ఏదో అడిగారు. బావ అక్క వైపు చూడకుండానే జవాబిచ్చాడు.

“కుదరదు సార్. నేను ఇల్లు విడిచి ఉండలేను.”