జానెడు నీళ్ళు

టేపు చివర సుద్దముక్క రుద్ది, లాండ్రీ వెనకున్న బావిలోకి మెల్లగా వదిలింది నీళ్ళ పిన్ని. ఊళ్ళో బావుల నీటిమట్టం కొలవడం ఆమె ఉద్యోగం. సన్నటి మనిషి. గట్ల మీద వంగి వంగి వీపు కాస్త గూనిదేరింది.

ఈ బావి అడుగంటి చాలా కాలమైంది. లాండ్రీ అతను ట్యాంకరు నీళ్ళతో నెట్టుకొస్తూ, ఇక కొట్టు ఎత్తేద్దామనుకుంటున్నాడు. కప్పుల మీద పడే వాననీటిని గుంటల్లో ఇంకించమని పిన్ని వీధంతా చెవినిల్లు కట్టుకుని పోరింది. చాదస్తమని నవ్వినవాళ్ళే ఆ పోరు పడలేక పోయినేడు గుంటలు తవ్వి, కంకరా ఇసుకా నింపారు. వానాకాలం వచ్చి వెళ్ళింది. బావి మాత్రం ఉలకలేదు.

టేపు పైకి లాగి, సుద్ద తడిసి నల్లబడిన చోటు చూసి నొసలు ముడిచింది. తుడిచి, సుద్ద రాసి, మళ్ళీ దింపింది.

"ఏమైంది పిన్నీ?" లాండ్రీ అతను చేతిలో బట్టలతోనే వచ్చాడు.

"జానెడు పైకొచ్చిందిరా!"

"నిన్నటి వానకేనా?"

"కాదు నాయనా, ఇది పోయినేటి వాన. కిందేదో నది పారుతోందనుకున్నావా? ఇసుక సందుల్లోంచి, రాతి పగుళ్ళలోంచి దారి వెతుక్కుంటూ దిగొద్దూ? నేలది మనలా ఉరుకుల పరుగుల సంసారం కాదు."

అతను బావిలోకి తొంగి చూశాడు. అడుగున ఆకాశం ముక్క కదిలింది.

"అయితే కొట్టు ఎత్తనా, వద్దా?"

"ఎత్తితే నా బట్టలు ఎవడుతుకుతాడు?"

ఎవరింటా కూర్చోని మనిషి, ఆ రోజు అక్కడి బల్ల మీద కూర్చుని టీ తాగింది. తర్వాత మిగతా బావులూ కొలిచింది. వాటిలో ఒక్కటీ పెరగలేదు. అయినా ఇంటికొచ్చి చెల్లెలితో, "ఆలస్యమైతే అయింది గానీ, నేల ఆలకించిందే" అంది. తిని, కాసేపు నడుం వాల్చింది.

పొద్దు వాలాక చెల్లెలు దీపం వేసింది. "అక్కా, ఈ వేళప్పుడు నిద్రేమిటి? లే."

భుజం తట్టింది. చల్లగా తగిలింది.

కబురు తెలిసి వీధి వీధంతా వచ్చింది. లాండ్రీ అతను లోపలికి రాలేక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అక్కడ, గోడవారగా, ఆమె విడిచిన చెప్పులున్నాయి. వాటి అంచుల్లో అంటిన ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.