చలికి దారి

రాత్రికి మైనస్ నాలుగు అని రేడియోలో చెప్పేసరికి మధ్యాహ్నం మూడయింది. ఇంగ్లండ్ కొసన ఉన్న మా కార్న్‌వాల్‌లో జనవరి పొద్దు నాలుగున్నరకే కుంకుతుంది.

గునపం పట్టుకుని తోట పల్లానికి పరుగెత్తాను. అక్కడ నా నిమ్మచెట్టు ఉంది. గింజ నాటి పదమూడేళ్ళు సాకితే ఈ ఏడే తొలిసారి ఏడు కాయలు కాసింది. దాని పక్కనే మా అన్నయ్య హెడ్లీ కట్టిన కొత్త గోడ. తోట గట్టుకి సముద్రం వైపున్న సందులోంచి ఉప్పుగాలి కొడుతోందని వేసవంతా మొత్తుకున్నది నేనే. డెబ్బై రెండేళ్ళ మనిషి, నా పుట్టినరోజుకని నెల్లాళ్ళు రాయి మీద రాయి పేర్చి ఆ సందు మూసేశాడు. ఊరంతా వచ్చి మెచ్చుకుంది.

చలి కూడా నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. ఇన్నేళ్ళూ ఆ సందులోంచే సముద్రం మీదికి పోయేది. ఇప్పుడు గోడ అడ్డుపడి నిలిచిపోతోంది. పోయిన వారం గోడ మొదట్లో అరటాకులు నల్లబడినప్పుడే నాకు అర్థమైంది. నెల్లాళ్ళ కష్టం వృథా అని అన్నయ్యకి చెప్పలేకపోయాను.

చెట్టుకు రెండు దుప్పట్లు కప్పి గోడలోకి గునపం దూర్చాను. పై రాయి జారి నా కాలి పక్కనే పడింది.

"ఏమే లవ్‌డే! ఏం చేస్తున్నావక్కడ?"

వెనక్కి తిరిగాను. అన్నయ్య కుంకుమపువ్వు బన్నుల పొట్లంతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"చలి పోవడానికి దారి లేదన్నయ్యా. చెట్టు చచ్చిపోతుంది," అన్నాను ఏడుస్తూ.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన వారం నుంచి."

అతని మొహం కందిపోయింది. "వారమా! చెట్టు చస్తుంటే కూడా నాతో చెప్పవా? అంత పరాయివాణ్ణయిపోయానా నీకు?"

పొట్లం గడ్డిలోకి విసిరేసి కోటు విప్పాడు. "ఇలా తే ఆ గునపం. గోడ విప్పేది అలాగటే? కాలు పోగొట్టుకుంటావు."

అతను పెకలిస్తే నేను దొర్లించాను. పొద్దు కుంకింది. థర్మామీటరు సున్నాకి దిగింది. గోడ ఇంకా మోకాలెత్తు ఉంది, అడుగురాళ్ళు దూడంతేసి ఉన్నాయి. అన్నయ్య వేళ్ళు చిట్లి రక్తం కారుతున్నా ఆగలేదు. నాకు భయమేసింది, ఈసారి చెట్టు గురించి కాదు.

ఆఖరి రాయి దొర్లగానే చలి మా కాళ్ళను రాసుకుంటూ సముద్రం వైపు జారిపోయింది.

"పొద్దున చెట్టు చచ్చుంటే చెప్పనందుకు నేను నిన్ను తిడతా. బతికుంటే, అడక్కుండా కట్టినందుకు నువ్వు నన్ను తిట్టు," అన్నాడు ఆయాసపడుతూ.

తెల్లారగానే దుప్పట్లు ఎత్తి చూశాను. ఆకులు పచ్చగా ఉన్నాయి. నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, టీ కాచుకుంటున్న అన్నయ్య ఎదురుగా నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఇంకా తిట్టవే," అన్నాడు.